వెనక వరస

బ్లడ్ బ్యాంకు కిటికీ అద్దానికి కింద ఒక చెయ్యి పట్టేంత సందు ఉంటుంది. అందులోంచి మాట్లాడాలంటే ఎంతటివాళ్ళయినా నడుం వంచాల్సిందే. మిషనమ్మ మాత్రం వంగేది కాదు. అద్దానికి చెంప ఆనించి, లోపలివాళ్ళు పలకరించేదాకా అలాగే నిలబడేది.

"డాక్టరమ్మా, ఈసారి కాస్త గట్టి రక్తం ఇప్పించండి. పోయినసారి బాటిలు మరీ పలచన."

లోపల టేబులు దగ్గర కూర్చున్న డాక్టరమ్మ తలెత్తి నవ్వింది. "గట్టిదీ పలచనదీ ఉండదమ్మాయ్. అదేమన్నా పాలా? అన్నీ ఒకటే."

"అంతేనంటారా? అంతకు ముందుది ఎక్కించాక చకచకా మిషను తొక్కాను. పోయినసారిది పట్టుమని పది రోజులు నిలవలేదు. మెట్లెక్కుతుంటే గుండె గొంతులోకి వచ్చేది."

"ఒక్కో ఒంటి తీరు అది. నీ ఒళ్ళు దాన్ని పట్టుకోవడంలో ఉంటుంది."

"అదీ నిజమే లెండి. నా ఒళ్ళు చిల్లులకుండ," అని తనే నవ్వేసి, చీటీ సందులోంచి లోపలికి తోసింది.

అసలు పేరు చీటీలో ఉన్నా, అందరూ ఆమెను మిషనమ్మ అనే పిలిచేవారు. బట్టలు కుడుతుంది. ఆమె ఎముకల్లో రక్తం సరిగా తయారు కాదు. అన్నగారింట్లో వీధివైపు గదిలో మిషను వేసుకుని, ఒంట్లో బలం ఉన్నన్నాళ్ళు బడి పిల్లల యూనిఫాంలు కుట్టి, బలం తగ్గాక ఇక్కడికి వచ్చి ఒక బ్యాగు ఎక్కించుకుని వెళ్ళేది. రెండేళ్ళుగా అదే వరస. ఆమె గ్రూపు దొరకడం కష్టం. అందుకని ఫ్రిజ్‌లో ఆ గ్రూపువి ఎప్పుడూ ఒకటో రెండో ఉండేవి, అంతే.

ఫ్రిజ్‌లో ఒక పద్ధతి ఉంది. గడువు దగ్గరపడ్డ బ్యాగులు ముందు వరసలో, కొత్తగా వచ్చినవి వెనక వరసలో. ముందున్నది ముందు పోవాలి. లేకపోతే గడువు దాటి పారబోయాలి. చూడబోతే న్యాయంగానే ఉంటుంది. కానీ వెనక వరసకు ఫోన్లు వస్తాయి. ఫలానావారి మామగారికి ఆపరేషను, కాస్త కొత్తది చూడండి అంటారు. మిషనమ్మలాంటివాళ్ళకు ఫోన్లు చేసేవాళ్ళుండరు. పైగా వాళ్ళు తప్పకుండా వస్తారు. ఎవరికీ అంటగట్టలేని పాత బ్యాగు వాళ్ళ దగ్గర ఇట్టే చెల్లిపోతుంది.

ఇదంతా డాక్టరమ్మకు తెలుసు. అందరికన్నా ఆమెకే ఎక్కువ తెలుసు.

ఎందుకంటే కిటికీ పని అయిపోయాక, పక్కనున్న ఇరుకు గదిలో ఆమె చేస్తున్న పని అదే. ప్రతి బ్యాగుకూ తోకలాగా ఒక సన్నని గొట్టం ఉంటుంది. బ్యాగును తెరవకుండా ఆ గొట్టంలోంచి కాస్త రక్తం తీసుకోవచ్చు. దాన్ని తిప్పే యంత్రంలో పెట్టి రెండుసార్లు తిప్పాలి. ఆపేటప్పుడు బ్రేకు వెయ్యకూడదు, తనంతట తాను ఆగేదాకా ఓపిక పట్టాలి. తొందరపడితే అడుగున పేరుకున్నది కదిలి లెక్కంతా చెడుతుంది. పైన తేరిన నీటిని ఊపిరి బిగబట్టి సన్నని పిపెట్టుతో పీల్చి, రంగులు కలిపి, ఇంకో యంత్రానికి అప్పగించాలి. అది ఆ నీటిని వెంట్రుకంత ధారగా లేజరు వెలుగులో పరిగెత్తిస్తుంది. తెర మీద చుక్కలు పడతాయి. ఒక్కో చుక్క ఒక్కో ముక్క.

కణం ముసలిదైనా, దెబ్బతిన్నా దాని పైపొర పొంగి, బుడిపెలు కట్టి, ఆ బుడిపెలు తెగి రాలిపోతాయి. మామూలు మైక్రోస్కోపుకు అందనంత చిన్నవి. మైక్రోపార్టికల్స్ అంటారు. ఒకప్పుడు వాటిని చూసినవాళ్ళు ఏదో ధూళి అనుకుని వదిలేశారు. ధూళి కాదని తర్వాత తెలిసింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తంలోనూ కొన్ని తిరుగుతుంటాయి. గుండెపోటు వచ్చినవాళ్ళలో, షుగరు ముదిరినవాళ్ళలో, కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టినవాళ్ళలో పెరిగిపోతాయి. ఏ కణం నుంచి రాలిందో దాని గుర్తు ముక్క మీద ఉంటుంది కాబట్టి, ఒంట్లో ఎక్కడ చిరుగుతోందో అవి చెప్పగలవు. ఊరికే చెప్పి ఊరుకోవు, రక్తాన్ని గడ్డకట్టించే పనిలో తామూ ఒక చెయ్యి వేస్తాయి.

బ్యాగులో నిలవ ఉన్న రక్తంలోనూ అవి రాలుతూనే ఉంటాయి. నాలుగు రోజుల బ్యాగుకు తెర మీద అక్కడక్కడ చుక్కలు. నెల దాటిన బ్యాగుకు తెర మూల నల్లగా అలుక్కుపోయేది.

ఆ సంగతి బ్లడ్ బ్యాంకు పెద్ద డాక్టరుకు చూపించినప్పుడు ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, "బాగుంది, వ్యాసం రాయి. కానీ వేలమంది మీద చూసి పాతదైనా కొత్తదైనా బతకడంలో తేడా కనపడలేదని పెద్దపెద్దవాళ్ళు తేల్చారు. నీ చుక్కలు చూసి కంగారు పడకు," అన్నాడు.

"వాళ్ళు చూసింది ఆపరేషన్లవాళ్ళనీ ఐసీయూవాళ్ళనీ సర్. జీవితాంతం ఎక్కించుకునేవాళ్ళ సంగతి వేరు కదా. వాళ్ళకు వీలైనంత కొత్తది ఇమ్మని మన పుస్తకాల్లోనే ఉంది."

"వీలైనంత అని ఉందా లేదా? వీలు కావాలిగా!"

ఆయన మాట ఆమెకు ఊరటగానే తోచింది. తేడా ఉందని రుజువు కాలేదు. రుజువు కానిదాన్ని కిటికీ దగ్గర నిలబడ్డ మనిషికి చెప్పి కంగారుపెట్టడం దేనికి? అందుకే అడిగినప్పుడల్లా అన్నీ ఒకటే అనేది. అనగా అనగా ఆ మాట నోటికి అలవాటైపోయింది.

అయినా ఆ రోజు మిషనమ్మ చిల్లులకుండ అని నవ్వినప్పుడు ఆమెకు ఎక్కడో కలుక్కుమంది. ఫ్రిజ్ తెరిచి చూసింది. ఆ గ్రూపువి రెండున్నాయి. ముందు వరసలో నెల దాటింది. వెనక వరసలో మొన్ననే వచ్చింది.

"బాబాయ్, వెనకది మిషనమ్మకి," అంది టెక్నీషియనుతో.

టెక్నీషియను తలనెరిసిన మనిషి. బ్లడ్ బ్యాంకులో అందరికీ బాబాయే. "ఎవరన్నా ఫోను చేశారామ్మా?" అన్నాడు.

"నేనే చేశాననుకో."

బాబాయి ముఖమంతా నవ్వయింది. "రేపు పొద్దున్నకి ఆమె రక్తంతో సరిపడిందో లేదో క్రాస్ మ్యాచ్ చేసి ఉంచుతా," అన్నాడు.

మర్నాడు పొద్దున్న మిషనమ్మ వచ్చి బల్ల మీద కూర్చుంది. బాబాయి ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేశాడు. అప్పుడే డాక్టరమ్మ ఫోను మోగింది.

అమ్మ గొంతు. ఒక్క మాట సరిగా రావడం లేదు. తమ్ముడు స్కూటరు మీంచి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఇక్కడికే తెచ్చారు, వెంటనే ఆపరేషను అంటున్నారు. ఎముకల డాక్టరు ఫోను అందుకుని, "మేడమ్, ఒక బ్యాగు సిద్ధంగా ఉంచండి. అవసరం పడకపోవచ్చు, అయినా ఉండాలి," అన్నాడు.

తమ్ముడిదీ అదే గ్రూపు. తనదీ అదే. ఆరు నెలల కిందట తను ఇచ్చిన రక్తం కూడా ఈ ఫ్రిజ్‌లోంచే ఎవరికో పోయింది. ఇప్పుడు మళ్ళీ ఇచ్చినా పరీక్షలన్నీ అయ్యేసరికి ఆలస్యమవుతుంది.

"వెనకది తీస్తున్నానమ్మా," అన్నాడు బాబాయి.

ఆమె తెర మీది చుక్కల్ని చూసింది. అక్కడ తెర లేదు, గోడే ఉంది. అయినా చూసింది. నల్లగా అలుక్కుపోయిన ఆ మూల. అది తమ్ముడి ఒంట్లోకి పోవడం.

"ముందుది తియ్యి," అంది.

బాబాయి చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. "మిషనమ్మకా?"

"ఆఁ. వెనకది తమ్ముడికి. వాడి రక్తం చుక్క పంపిస్తారు, దానికి సరిచూడు."

బాబాయి తలుపు తెరిచి లోపలికి చెయ్యి పెట్టాడు. ముందు వరసలోంచి బ్యాగు తీసి, మిషనమ్మ రక్తంతో సరిచూసి, చీటీ అంటించి, సందు దగ్గర పెట్టాడు. మిషనమ్మ అద్దానికి చెంప ఆనించింది.

"డాక్టరమ్మా, ఇది మంచిదేనా? ఈ వారంలో అరవై జతలు ఇవ్వాలి. మాట పోతే ఆ బడివాళ్ళు మళ్ళీ నా గుమ్మం తొక్కరు."

"అన్నీ ఒకటేనమ్మాయ్," అంది డాక్టరమ్మ.

ఆ మాట అంటున్నప్పుడు బాబాయి వంగి, చెప్పు సరిచేసుకున్నాడు. చెప్పుకు ఏమీ కాలేదు.

తమ్ముణ్ణి థియేటర్లోకి తీసుకెళ్ళాక ఆమె కొత్త బ్యాగును చల్లపెట్టెలో పెట్టుకుని తనే బయల్దేరింది. ఇంకెవరి చేతికీ ఇవ్వాలనిపించలేదు. దారిలో, పగలు వచ్చి ఎక్కించుకుని వెళ్ళేవాళ్ళ వార్డు. కిటికీ పక్క మంచం మీద మిషనమ్మ పడుకుని ఉంది. పాత బ్యాగులోంచి రక్తం చుక్క చుక్కగా ఆమె చేతిలోకి దిగుతోంది.

"డాక్టరమ్మా!" అని లేవబోయింది. "తమ్ముడిగారికి దెబ్బ తగిలిందట కదా? బాబాయి చెప్పాడు. ఎలా ఉన్నారు?"

"ఆపరేషను చేస్తున్నారు."

"మరి నించున్నారేం? వెళ్ళండి, వెళ్ళండి. నా ముఖం చూస్తూ ఆగకండి. నా పని అయిపోయిందిగా, హాయిగా ఎక్కుతోంది." ఖాళీగా ఉన్న చెయ్యి గుండె మీద పెట్టుకుంది. "మీ మంచితనమే ఆయన్ని కాపాడుతుంది. చూడండి, ఏమీ కాదు."

డాక్టరమ్మ పెట్టెను చీర కొంగు చాటుకు లాక్కుంది. ఎందుకు లాక్కుందో ఆమెకే తెలియలేదు. పెట్టెలో ఏముందో మిషనమ్మకు ఎలా తెలుస్తుంది? అయినా లాక్కుని, నేల చూపులతో వార్డు దాటింది.

ఆపరేషను నల్లేరు మీద నడకలా సాగిపోయింది. తమ్ముడికి చుక్క రక్తం ఎక్కించాల్సిన పని పడలేదు. బ్యాగును ఎవరో పెట్టెలోంచి తీసి ట్రాలీ మీద పెట్టారు. అందరూ తలో పనిలో ఉన్నారు, అది అక్కడే ఉండిపోయింది. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఒక నర్సు దాన్ని తెచ్చి సందులోంచి లోపలికి తోసింది. "మేడమ్‌గారి బ్యాగు. అక్కర్లేకపోయింది," అని చెప్పి వెళ్ళిపోయింది.

బాబాయి దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. చంటిపిల్లకు జ్వరం చూసినట్టు అరచేతి వెనక వైపు ఆనించి చూశాడు.

"వెచ్చబడింది," అన్నాడు.

చల్లదనం తప్పి అరగంట దాటిన బ్యాగును మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఎవరికీ ఎక్కించకూడదు. అది ఆమె ఎన్నోసార్లు కొత్తవాళ్ళకు నేర్పిన పాఠమే.

"ఇలా ఇవ్వు బాబాయ్. నేను పారేస్తాను."

"మీకెందుకులెండి," అంటూనే ఇచ్చాడు. అంతకుమించి ఏమీ అనలేదు. ఒక్క మాట అనేసి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది. తిట్టు తిని తేలికపడే వీలు కూడా లేకపోయింది. పసుప్పచ్చ సంచిలో దాన్ని జారవిడిచి, మూతి బిగించి కట్టింది. మొన్న మొన్ననే ఎవరో మనిషి చొక్కా చెయ్యి పైకి మడిచి, పిడికిలి మూసి తెరిచి ఇచ్చిన రక్తం. అటు తమ్ముడికీ కాలేదు, ఇటు మిషనమ్మకూ కాలేదు.

సాయంత్రం తమ్ముడికి మెలకువ వచ్చింది. కాలు కట్టుతో దిండు మీద పెట్టుకుని, నోటికి మాత్రం ఏ కట్టూ లేకుండా, "అక్కా, ఎవరి రక్తం ఎక్కించావే? కాస్త లెక్కలు వచ్చినవాడిది చూశావా లేదా?" అన్నాడు.

"ఎక్కించలేదురా. అవసరం పడలేదు."

"అయ్యో! మంచి అవకాశం పోయింది."

అమ్మ కళ్ళొత్తుకుంటూ నవ్వింది. పక్క మంచాలవాళ్ళకు వినపడేలా, "ఎక్కించకపోతేనేం, ఫ్రెష్‌ది తెచ్చి సిద్ధంగా పెట్టింది మా అమ్మాయి. మనవాళ్ళంటూ ఒకళ్ళు ఉండబట్టి సరిపోయింది. లేనివాళ్ళ గతేమిటో పాపం!" అంది.

డాక్టరమ్మ తమ్ముడి దుప్పటి సరిచేసింది. సరిగా ఉన్నదాన్నే మళ్ళీ మళ్ళీ సరిచేసింది.

తర్వాత వారమంతా కిటికీ వైపు చెంప కనపడుతుందేమోనని చూస్తూనే గడిపింది. మిషనమ్మ అనుకున్నదానికన్నా చాలా ముందే వచ్చింది. అద్దం దగ్గర నిలబడలేక బల్ల మీద కూలబడి, అక్కడి నుంచే చెయ్యి ఊపింది. పెదవులు తెల్లగా ఉన్నాయి.

"నిలవలేదు డాక్టరమ్మా. సిగ్గేస్తోంది మళ్ళీ రావాలంటే."

డాక్టరమ్మ తలుపు తీసుకుని బయటికి వచ్చింది. "లోపలికి రా," అంది.

ఇరుకు గదిలో ఉన్న ఒక్క కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి, తను యంత్రానికి ఆనుకుని నిలబడింది. మిషనమ్మ చుట్టూ చూసి, "మీదీ మిషను పనే అన్నమాట!" అంది. డాక్టరమ్మకు నవ్వు రాలేదు.

"నీకో సంగతి చెప్పాలి. పాత బట్టకు నూగు రాలుతుంది చూడు, నిలవ రక్తంలోనూ కణాల మీంచి అలాగే ముక్కలు రాలతాయి. బ్యాగు ఎంత పాతదైతే అన్ని ఎక్కువ. పాత కణాల్లో కొన్ని ఎక్కించిన రోజే చచ్చిపోతాయి కూడా. నీలాంటివాళ్ళకు కొత్త బ్యాగు ఇవ్వడం మంచిది. నీకు ఎక్కువసార్లు పాతవే ఇచ్చాం. పోయినసారి నీకోసం కొత్తది తీసిపెట్టాను. మా తమ్ముడు పడ్డాడని తెలిసి, దాన్ని వాడి కోసం పట్టుకెళ్ళాను. వాడికి అక్కర్లేకపోయింది. అది వెచ్చబడి, పారెయ్యాల్సి వచ్చింది."

ఒక్క గుక్కలో చెప్పేసింది. బయట ఎవరో కిటికీ అద్దాన్ని వేలితో కొడుతున్నారు. బాబాయి వెళ్ళి మాట్లాడుతున్నాడు.

మిషనమ్మ తన వేళ్ళ వైపు చూసుకుంది. చూపుడువేలి మీద సూది గుచ్చుకున్న మచ్చలు ఉన్నాయి.

"తమ్ముడు లేచి నడుస్తున్నాడా?"

"కర్రలతో."

"పోనీలెండి. తమ్ముడనేసరికి చెయ్యి అటే పోతుంది. మా అన్నయ్యకైతే నేనూ లాక్కుందును. మీ చేతిలోది లాక్కునైనా తీసుకుందును. దానికి కాదు నా బాధ." ఆగింది. ఊపిరి తీసుకుంది. "నేను ఊరికే అడిగానా? వచ్చినప్పుడల్లా అడిగాను. ఒకటే అన్నారు. నీ ఒంట్లో ఉందన్నారు."

"పాతది కాబట్టే నీకు నీరసం వచ్చిందని ఇప్పుడైనా కచ్చితంగా చెప్పలేను. నాకు నిజంగా తెలియదు. వేరే కారణాలు కూడా…"

"తెలియదని కూడా చెప్పలేదు కదమ్మా."

గొంతు పెంచలేదు. అంచు కొలిచి చెప్పినంత మామూలుగా అంది.  

"మా వదిన దొంగనీరసం అనేది," అంది మిషనమ్మ. "తిండి దగ్గర లేని నీరసం మిషను దగ్గర ఎలా వస్తుందనేది. మొదట్లో పోట్లాడాను. రానురానూ నాకే అనుమానం వచ్చింది. ఆసుపత్రిలో పెద్ద చదువు చదివినావిడ అంతా ఒకే రక్తమంటోంది కదా, ఇక తప్పంతా నాదేనేమో అనుకున్నాను. కళ్ళు తిరుగుతున్నా తొక్కాను. అరవై జతల్లో నలభై ఇచ్చి, మిగతావి కుట్టలేక గుడ్డ తిరిగి ఇచ్చేశాను. ఆ బడివాళ్ళ ముందు తలొంచుకుని, నా బద్ధకమే సార్ అని చెప్పి వచ్చాను. నేను బద్ధకస్తురాలినని నా నోటితో నేనే చెప్పాను."

అప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డాక్టరమ్మ భుజం మీద చెయ్యి వెయ్యబోయింది. మిషనమ్మ కాస్త పక్కకు జరిగింది. విదిలించుకోలేదు, జరిగింది. చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. డాక్టరమ్మ దాన్ని వెనక్కి తీసుకుని, యంత్రం మీద పెట్టుకుంది.

ఆ రోజు ఫ్రిజ్‌లో ఆ గ్రూపుది లేదు. పక్క ఊరి బ్లడ్ బ్యాంకుకు ఫోను చేసి, తేదీ అడిగి, ఇంకా కొత్తది కావాలని బతిమాలి తెప్పించేసరికి మధ్యాహ్నమైంది. అది ఎక్కుతున్నంతసేపూ డాక్టరమ్మ వార్డులోకి వెళ్ళలేదు. వెళ్ళడానికి ముఖం చెల్లలేదు.

మర్నాడు పెద్ద డాక్టరు గదిలోకి వెళ్ళింది.

"సర్, నెలనెలా వచ్చేవాళ్ళకు ఇక వెనక వరస నుంచే ఇద్దాం."

"మళ్ళీ నీ చుక్కలేనా? మరి పాతవి ఎవరికిస్తావు?"

"ఆపరేషన్లకు. సిద్ధంగా ఉంచమని తీసుకెళ్ళేవాటిలో సగం వాడకుండానే తిరిగొస్తున్నాయి. అక్కడికి కొత్తవి పంపి పాడుచేసుకుంటున్నాం."

"ఎవరు పాడుచేశారు?"

"నేనే," అంది. జరిగింది జరిగినట్టు చెప్పింది.  ఆయన కళ్ళజోడు తీసి, టేబులు మీద పెట్టి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఫోన్లు చేయించుకున్నవాళ్ళలో ఆయన బంధువులూ ఉన్నారు. ఇద్దరికీ తెలుసు.

"సరే, కానియ్యి," అన్నాడు చివరికి. "కానీ ఫోన్లు వస్తే నువ్వే ఎత్తు. నన్ను మాత్రం ఇరికించకు."

ఫోన్లు వచ్చాయి. ఎత్తింది. లేదండీ, అది ఒకరికి కేటాయించాం అని చెప్పింది. ఒకాయన అరిచాడు. ఒకావిడ, నువ్వు మీవాళ్ళకు తీసుకోలేదా అంది. ఎక్కడ విన్నదో ఏమో. తీసుకున్నానండీ అంది డాక్టరమ్మ. 

మిషనమ్మ మళ్ళీ వచ్చినప్పుడు ఆమె పెదవులకు కాస్త రంగు ఉంది. మునుపటికన్నా నాలుగు రోజులు ఎక్కువే ఆగి వచ్చింది. అది కొత్త బ్యాగు వల్లేనా అంటే డాక్టరమ్మ ప్రమాణం చెయ్యలేదు. మిషనమ్మ ఆ సంగతి ఎత్తలేదు. అద్దానికి చెంప ఆనించలేదు కూడా. అందరిలాగే నడుం వంచి, సందులోంచి చీటీ ఇచ్చి, బల్ల మీదికి వెళ్ళి కూర్చుంది.

బ్యాగు సిద్ధమయ్యాక డాక్టరమ్మే సందు దగ్గరికి తెచ్చింది. "ఇది ఈ వారానిదేనమ్మాయ్. నాలుగు రోజులైంది వచ్చి," అంది.

"చూపించండి," అంది మిషనమ్మ లేచి వచ్చి.

డాక్టరమ్మ బ్యాగును అద్దానికి ఆనించి పట్టుకుంది. మిషనమ్మ చదువు అంతంతమాత్రమే. వేలు అద్దం మీద పెట్టి, చీటీ మీది అంకెల్ని ఒకటొకటే పెదవులతో చదువుకుంది. ఒకసారి చదివి, తృప్తి లేక మళ్ళీ మొదటి నుంచి చదివింది. తర్వాత పక్కనున్నాయన వైపు తిరిగింది. "బాబూ, మీకు చదువొచ్చుగా. ఇక్కడ ఏ తేదీ ఉందో కాస్త చూసి చెప్పండి," అంది.

ఆయన మోకాళ్ళు పట్టుకుని వంగి, తేదీ చదివి చెప్పాడు. డాక్టరమ్మ బ్యాగును కదలకుండా, వాళ్ళిద్దరూ చూడటం అయ్యేదాకా అలాగే పట్టుకుంది.